ఖాట్మండులో గొడవలు తగ్గాయి, ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 47 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఇద్దరం కలిసి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. వారానికి నాలుగు రోజులు కైలాసగిరి మెట్లెక్కుతున్నాం. 2026 మార్చి 1 నుంచి 15 దాకా సెలవు పెట్టాను, ఒక ఏజెన్సీకి అడ్వాన్సు కూడా కట్టాను. మాతోపాటు మా ఆవిడ, 68 ఏళ్ల మా అమ్మ కూడా వస్తారు. మేం కొండెక్కి దిగేదాకా వాళ్లు ఖాట్మండు హోటల్లో ఉండి పశుపతినాథ్ చూసుకుని, వీలైతే ముక్తినాథ్ కూడా వెళ్లొస్తారని మా ఆలోచన. అయితే సెప్టెంబర్ గొడవల తర్వాత ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలడం లేదు. ఏజెన్సీ వాళ్లేమో "అంతా నార్మల్ సార్, టెన్షన్ వద్దు" అంటున్నారు. వెళ్లమంటారా, మానుకోమంటారా?

సమాధానం: వెళ్లండి. కాకపోతే మార్చి 1న వద్దు. 15 రోజుల్లో ముగించాలని అసలే వద్దు. అమ్మగారిని, మీ ఆవిడను ఖాట్మండులో ఉంచి మీరిద్దరూ కొండెక్కడం కూడా వద్దు. ఈ మూడూ మార్చుకుంటే మిగతా భయాలు చాలావరకు సర్దుకుంటాయి.

మీ ఇంట్లోవాళ్ల భయాన్ని తీసిపారేయకండి. వాళ్లు టీవీలో చూసింది అబద్ధం కాదు. 2025 సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లను ఆపేసింది. 8న ఖాట్మండులో కుర్రకారు రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు, సచివాలయం ఉండే సింహ దర్బార్, సుప్రీంకోర్టు తగలబడ్డాయి. విమానాశ్రయం మూసేశారు, మళ్లీ 10వ తేదీ సాయంత్రం గాని తెరవలేదు. సైన్యం దిగి కర్ఫ్యూ పెట్టింది. మొత్తం మీద 70 మందికి పైగా ప్రాణాలు పోయాయి. జైళ్ల నుంచి వేలమంది ఖైదీలు పారిపోయారు. అక్కడ చిక్కుకున్న మనవాళ్లు వంద మందికి పైగా ప్రత్యేక విమానంలో మీ విశాఖకు, తిరుపతికి దిగడం మీకు గుర్తుండే ఉంటుంది.

సెప్టెంబర్ 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ తాత్కాలిక ప్రధాని అయ్యాక పరిస్థితి చాలా తొందరగా చక్కబడింది. విమానాలు తిరిగాయి, దుకాణాలు తెరిచారు. అక్టోబర్‌లో ట్రెక్కర్లు ఎప్పటిలాగే కొండల మీదికి వెళ్లారు. ఆ మాటకొస్తే సెప్టెంబర్ 9న కూడా ఎవరెస్ట్ దారిలోని నామ్చే బజార్‌లో ఉన్నవాళ్లకు ఎలాంటి హానీ జరగలేదు. గొడవంతా పట్నాల్లో, హైవేల మీద, ప్రభుత్వ భవనాల చుట్టూ జరిగింది. నేపాల్‌లో ఇది కొత్త కూడా కాదు. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల యుద్ధం నడిచిన రోజుల్లోనూ ట్రెక్కర్లను చంపాలని ఎవరూ చూడలేదు. దారిలో ఆపి చందా వసూలు చేసి రసీదు ఇచ్చేవారు. తర్వాతి ఊళ్లో ఆ రసీదు చూపిస్తే వదిలేసేవారు.

అలాంటప్పుడు నా భయమేమిటంటారా? గొడవలు ట్రెక్కర్ మీద నేరుగా పడవు, అతని రోజులు తినేస్తాయి. విమానం ఒకరోజు ఆగుతుంది, రోడ్డు ఒకరోజు మూస్తారు, పర్మిట్ ఆఫీసు తెరవరు. పోయిన ఆ రెండు రోజులను కొండ మీద పూడ్చుకోవాలని చూసినప్పుడే ప్రాణం మీదికొస్తుంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఒకసారి బేస్ క్యాంప్ దారిలోని లోబుచేలో, అంటే 4,940 మీటర్ల ఎత్తులో, సాయంత్రం మేం బస చేసిన టీ హౌస్ పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నాం. హైదరాబాద్ నుంచి వచ్చిన బృందంలోని ఒక కుర్రాడు జాకెట్ జిప్పు పెట్టుకోవాలని చూస్తున్నాడు. మూడుసార్లు ప్రయత్నించినా రెండు కొనలూ కలవలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయేమో అనుకుని నేనే పెట్టాను. కాసేపటికి లేచి బాత్రూమ్‌కు వెళుతూ తాగినవాడిలా గోడకు ఆనుకున్నాడు. అప్పటిదాకా మాటాపలుకూ లేకుండా కూర్చున్న మా గైడు చటుక్కున లేచి, నేల మీది చెక్క పలకల మధ్య గీత చూపించి, దాని మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాడు. ఆ కుర్రాడు రెండడుగులు వేసి పక్కకు ఒరిగిపోయాడు. ఎత్తు వల్ల మెదడుకు వాపు వస్తున్నప్పుడు కనిపించే గుర్తు అది. నడక మొదలయ్యే లుక్లాకు వెళ్లే విమానం రెండు రోజులు ఆగిపోయిందని ఆ బృందం, శరీరం ఎత్తుకు అలవాటు పడడానికి డింగ్‌బోచేలో ఆగాల్సిన విశ్రాంతి రోజు ఎగ్గొట్టింది. ఆ రాత్రే టార్చిలైట్ల వెలుగులో, ఇద్దరు పోర్టర్లు చెరోవైపు పట్టుకుని, అతన్ని కిందనున్న ఫెరిచేకి దించారు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల చిన్న ఆసుపత్రి ఉంది. కుర్రాడు బతికాడు. తెల్లారేదాకా చూద్దామని ఎవరైనా అని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. విశాఖ నుంచి ఖాట్మండు చేరడానికి ఒకరోజు, అక్కడ పర్మిట్లు, సామాన్లు సర్దుకోవడానికి ఒకరోజు. మూడో రోజు లుక్లాలో దిగి ఫక్‌డింగ్ దాకా నడక. నాలుగున నామ్చే, అయిదు అక్కడే విశ్రాంతి, ఆరు తెంగ్‌బోచే, ఏడు డింగ్‌బోచే, ఎనిమిది విశ్రాంతి, తొమ్మిది లోబుచే, పది గోరక్ షెప్ మీదుగా 5,364 మీటర్ల బేస్ క్యాంప్. దిగడానికి మూడు రోజులు, లుక్లా నుంచి ఖాట్మండుకు ఒకరోజు, ఇంటికి ఒకరోజు. సరిగ్గా 15 వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది గాని ఒక్క రోజు కూడా మిగల్లేదు. లుక్లాలో పొగమంచు పట్టి విమానాలు ఆగడం మామూలు రోజుల్లోనే ఉంది, దానికి గొడవలే అక్కర్లేదు. పైగా సీజన్లో రద్దీ వల్ల లుక్లా విమానాలు చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామెచాప్ నుంచి నడుస్తాయి. అది ఖాట్మండు నుంచి నాలుగైదు గంటల రోడ్డు, అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. బంద్ రోజున ఆ రోడ్డు కూడా పోతుంది.

3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి పడుకున్న చోటుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో పడుకోకూడదని, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగాలని వైద్యులు చెబుతారు. ఖాట్మండులో ఏం జరిగినా ఈ లెక్క మాత్రం మారదు. కనీసం 19 రోజుల సెలవు దొరికితేనే ఎవరెస్ట్ వైపు వెళ్లండి. దొరక్కపోతే అన్నపూర్ణ బేస్ క్యాంప్ చూడండి. 4,130 మీటర్లు, పోఖరా నుంచి మొదలుపెడితే తొమ్మిది పది రోజుల్లో తాపీగా వెళ్లిరావచ్చు, లుక్లా విమానం గొడవే లేదు. మీ అమ్మాయి నిరుత్సాహపడుతుందేమో. నిజం చెప్పాలంటే, చుట్టూ మంచుకొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉండే ఆ చోటు నాకు ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కన్నా ఇష్టం.

తేదీల విషయానికొద్దాం. నేపాల్ పార్లమెంటు ఎన్నికలు 2026 మార్చి 5న పెట్టారు. మీరు మార్చి 1న బయల్దేరితే సరిగ్గా వాటి మధ్యలో దిగుతారు. అక్కడ పోలింగ్ రోజున వాహనాలు ఆపేయడం, భారత్ సరిహద్దును రెండు మూడు రోజుల ముందే మూసేయడం మామూలు. గైడ్లు, పోర్టర్లు ఓటేయడానికి సొంత ఊళ్లకు వెళతారు. ఫలితాలొచ్చాక వారం పది రోజులు ఊరేగింపులు, అలకలు, ఎక్కడో ఒకచోట రాళ్లు. ఈసారి ఎన్నికలు సెప్టెంబర్ మంటల తర్వాత జరుగుతున్నవి, మామూలు ఎన్నికల్లాంటివి కావు. మీకు ఈ మాట చెప్పకుండా "అంతా నార్మల్" అన్న ఏజెన్సీ మీద నాకు నమ్మకం కలగలేదు. ఏప్రిల్ మొదటి వారానికి జరుపుకోండి. చలీ తగ్గుతుంది, దారి పక్కన గురాన్స్ పూలు ఎర్రగా పూస్తాయి, అప్పటికి దేశం తీరు కూడా తేలిపోతుంది. మార్చి 20 ప్రాంతంలో ఒకసారి చూసుకోండి. మన విదేశాంగ శాఖ వెళ్లొద్దని చెప్పినా, ఖాట్మండులో రాత్రి కర్ఫ్యూ నడుస్తున్నా, మీ గైడే "కొంచెం ఆగండి దాజు (అన్నయ్యా)" అన్నా ఆగిపోండి. ఆ నిర్ణయం ఇంట్లో కూర్చుని ముందే రాసిపెట్టుకుంటే విమానాశ్రయంలో నిలబడి మనసుతో పోట్లాడే పని ఉండదు.

అమ్మగారి సంగతి. కొండ మీద మీకు పది రోజులపాటు ఫోను అంతంతమాత్రం. ఈలోగా నగరంలో ఏదైనా జరిగితే 68 ఏళ్ల మనిషి, తోడు మీ ఆవిడ ఒక్కరే, భాష రాని ఊళ్లో హోటల్ గదిలో. మీరు మాత్రం కాలు కుదురుగా నిలిచి ఎక్కగలరా? పరుగున దిగాలనిపిస్తుంది, దిగడానికీ మూడు రోజులు పడుతుంది. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్ర వేరుగా, నలుగురూ కలిసి చేయండి. ముక్తినాథ్ గురించి ఇంకో మాట, ఇది మన యాత్రికులందరికీ. పోఖరా 820 మీటర్ల ఎత్తు, ముక్తినాథ్ 3,700 పైమాటే. జీపులో ఒక్కరోజులో ఎక్కించి, 108 ధారల కింద చన్నీళ్ల స్నానం చేయించి దించే ప్యాకేజీలు పెద్దవాళ్లకు మంచివి కావు. జోమ్‌సోమ్‌లో, వీలైతే అంతకన్నా కింద మరోచోట కూడా, ఒక రాత్రి పడుకుని ఎక్కండి. బీపీ, గుండె మందులు వాడేవారైతే ముందు డాక్టరుకు చూపించండి.

ఖాట్మండులో మీరు గడిపే రెండు మూడు రాత్రులకు పెద్ద అద్దాల హోటల్ వద్దు. సెప్టెంబర్‌లో హిల్టన్ హోటల్ నిలువునా కాలింది. మరో పెద్ద హోటల్‌కు నిప్పు పెట్టినప్పుడు తప్పించుకోబోయి మన దేశం నుంచి వెళ్లిన ఒకామె చనిపోయింది. గుంపులు చూసింది నాయకుల ఆస్తుల వైపు, డబ్బున్న భవనాల వైపు. టూరిస్టులు దిగే థమేల్ సందుల్లో కుటుంబాలు నడిపే చిన్న హోటళ్ల జోలికి పెద్దగా పోలేదు. అలాంటిదే తీసుకోండి. రెండో మూడో అంతస్తుకు మించి గది వద్దు. వెళ్లగానే సామాను పెట్టి, మీ అమ్మాయితో కలిసి మెట్లు దిగి, వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందో ఒకసారి నడిచి చూడండి. సెప్టెంబర్‌లో కాలిన పార్లమెంటు భవనం ఉన్న న్యూ బానేశ్వర్, మైతీఘర్, సింహ దర్బార్ వైపు ఊరేగింపు కనిపిస్తే చూద్దామని వెళ్లకండి, ఫోనెత్తి వీడియో తీయకండి.

2010 మే మొదటి వారంలో మావోయిస్టుల బంద్‌లో నేను ఖాట్మండులోనే చిక్కుకున్నాను. ఆరు రోజులు ఒక్క బండి తిరగలేదు, సాయంత్రం రెండు గంటలు దుకాణాలు తెరిచేవారు. విమానం ఉన్న రోజున బ్యాగు భుజాన వేసుకుని, టికెట్ కాగితం చేత్తో పట్టుకుని నడిచాను. కూడలిలో టైర్లు కాలుతున్నాయి. కర్రలు పట్టుకున్న కుర్రాళ్లలో ఒకడు టికెట్ తీసి చదివి, నా చెప్పులు చూసి, "ఇంకా దూరం ఉంది, మంచినీళ్లున్నాయా?" అని హిందీలో అడిగాడు. అలాంటప్పుడు టూరిస్టు పోలీసులు విమానాశ్రయానికి బస్సులు కూడా నడుపుతారు. వాళ్ల నంబరు 1144. ఫోనులో దాచుకోండి, కాగితం మీద కూడా రాసుకోండి.

కాగితం ఎందుకంటున్నానో చెబుతాను. నిషేధం పెట్టినప్పుడు వాట్సాప్, ఫేస్‌బుక్ రెండూ పోయాయి, వైబర్, టిక్‌టాక్ పనిచేశాయి. మన ఇళ్లల్లో వాట్సాప్ ఆగితే మనిషి తప్పిపోయినట్టే. ఇద్దరి ఫోన్లలోనూ వైబర్ పెట్టుకోండి. నేపాల్ టెలికాం సిమ్ ఒకటి, ఎన్‌సెల్ ఒకటి, చెరొకటి తీసుకోండి. రెండు రోజులు మీ నుంచి కబురు రాకపోతే గాభరా పడొద్దని, నాలుగు రోజులైతే ఎవరికి ఫోన్ చేయాలో మీ ఆవిడకు రాసివ్వండి: గైడు, ఏజెన్సీ, ఖాట్మండు లైన్‌చౌర్‌లోని మన రాయబార కార్యాలయం.

మనకు వీసా అక్కర్లేదు, కాని విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. ఆధార్ 65 దాటినవాళ్లకు, 15 లోపు పిల్లలకు మాత్రమే చెల్లుతుంది, కాబట్టి మీ అమ్మాయికి పనికిరాదు. ఇద్దరూ పాస్‌పోర్టులే పట్టుకెళ్లండి. డబ్బు చేతిలో ఉంచుకోండి, కర్ఫ్యూలో ఏటీఎంలు తెరిచి ఉండవు, నామ్చే దాటాక ఎలాగూ ఉండవు. మన 100 రూపాయలకు వాళ్లవి 160 వస్తాయి. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మనవి వంద నోట్లే తీసుకెళ్లి, మిగతాది అక్కడ మార్చుకోండి.

ఇన్సూరెన్సు కాగితం మాత్రం పూర్తిగా చదవండి, కళ్లజోడు పెట్టుకుని ఒక ఆదివారం దానికే కేటాయించండి. ట్రెక్కింగ్ ఎంత ఎత్తుదాకా వర్తిస్తుంది, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా, అల్లర్ల వల్ల ట్రిప్ ఆగితే ఇస్తారా అన్నవి చూడండి. మన దగ్గర అమ్మే మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి 5,000 మీటర్ల మాటే ఉండదు. ఫోన్లో "కవర్ అవుతుంది సార్" అంటే ఒప్పుకోకండి, ఈమెయిల్లో రాసివ్వమనండి. హెలికాప్టర్ ఎక్కించి బిల్లు గుంజే మోసాలు కూడా నేపాల్‌లో బయటపడ్డాయి. కాబట్టి కొద్దిపాటి తలనొప్పికే హెలికాప్టర్ పిలుద్దామని తొందరపెట్టేవాళ్లతో జాగ్రత్త. కాస్త తలనొప్పయితే ఎక్కడం ఆపి అక్కడే ఉండండి, తగ్గకపోతే నడిచి కిందికి దిగండి. అడుగు తడబడినా, మాట తేడా వచ్చినా ఏ వేళైనా సరే వెంటనే దించాలి. ఎత్తు పడనప్పుడు వాడే డయామాక్స్ మాత్ర మీ డాక్టరును అడిగి తీసుకెళ్లండి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

మీది విశాఖ కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న మీ ఊరిని కొట్టిన హుద్‌హుద్ అక్కడితో ఆగలేదు. రెండు రోజుల తర్వాత దాని మిగులు మేఘాలే అన్నపూర్ణ చుట్టుదారిలోని థొరోంగ్ లా కనుమ మీద మంచు తుఫానుగా కురిశాయి. 40 మందికి పైగా చనిపోయారు. కనుమ మీద చిన్న టీ కొట్టులో ఒదిగి కూర్చుని, ఇక ఆగలేక దిగబోయి మంచులో కూరుకుపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను మన తీరం దాటాక కూడా నేపాల్ కొండల్లో భారీగా మంచు పడి ట్రెక్కర్లను ఎక్కడికక్కడ ఆపేశారు. బంగాళాఖాతంలో తుఫాను పుట్టిందని ఇంటి నుంచి కబురొస్తే అది విశాఖ కోసం మాత్రమే కాదు, మీ కోసం కూడా అనుకోండి. ఆ రోజు ఉన్న ఊళ్లోనే ఉండిపోండి.

గైడును తప్పకుండా పెట్టుకోండి. ఆ ఊరివాడైతే మరీ మంచిది. దారి చూపడానికి కాదు, దారి తప్పేదేమీ లేదక్కడ. కింద ఏం జరుగుతోందో అతనికి బావమరిది ఫోన్ చేసి చెబుతాడు, మీకెవరూ చెప్పరు. అతనితో, టీ హౌస్ వాళ్లతో రాజకీయాలు తీయకండి. వాళ్లే మాట్లాడితే వినండి. 2015లో సరిహద్దు సరకు ఆగిపోయి గ్యాసు, పెట్రోలు లేక నెలలపాటు పడిన బాధ వాళ్లకు ఇంకా గుర్తుంది. మన టీవీల్లో మాట్లాడే పెద్దన్న ధోరణి అక్కడ అస్సలు పనికిరాదు. సెప్టెంబర్ తర్వాత బుకింగులు రద్దయి చాలామంది గైడ్లు, పోర్టర్లు ఖాళీగా కూర్చున్నారు. మీరు వెళితే వాళ్లకు కూడా మేలే.

ఇక అడ్వాన్సు. తేదీ ఏప్రిల్‌కు మార్చమని, నాలుగు రోజులు అదనంగా కలపమని, కర్ఫ్యూ వల్ల గాని విమానాలు ఆగి గాని ట్రిప్ పోతే ఎంత తిరిగిస్తారో రాసివ్వమని ఏజెన్సీకి ఈ వారంలోనే ఈమెయిల్ పెట్టండి. అదనపు రోజుల ప్రస్తావన వచ్చినప్పుడు "అవసరం లేదు సార్, నామ్చేలో ఒకరోజు తగ్గిద్దాం" అని ఎవరైనా అంటే, అడ్వాన్సు పోయినా సరే, ఆ ఏజెన్సీని వదిలేయండి.